ఏసీ సర్వీస్‌కి గూగుల్ రివ్యూలు పెరగట్లేదు, మీరంతా ఏం చేస్తున్నారు?

బెజవాడ_కూలింగ్
అందరికీ నమస్తే. విజయవాడ పటమటలో ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ సర్వీస్ మాది. నేను, నాతో ముగ్గురు కుర్రాళ్ళు. పనికి లోటు లేదు. మార్చి నుంచి జూన్ దాకా అన్నం తినే తీరిక కూడా ఉండదు. కానీ గూగుల్ మ్యాప్స్‌లో మా పేరు మీద ఉన్నవి 31 రివ్యూలే, రేటింగ్ 4.8. మా తర్వాత ఎప్పుడో మొదలుపెట్టిన షాపుకి నాలుగొందల పైన ఉన్నాయి. ఏసీ రిపేర్ అని కొడితే వాళ్ళే ముందు కనపడుతున్నారు.

కస్టమర్లు బాగా చేశారు బాబూ అంటారు, మజ్జిగ ఇస్తారు. రివ్యూ పెట్టండమ్మా అంటే 'తప్పకుండా' అంటారు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండదు. సాయంత్రం ఆఫీసు నంబర్ నుంచి వాట్సాప్‌లో లింక్ పంపుతాను, బ్లూ టిక్ పడుతుంది, అక్కడితో సరి. రివ్యూ పెడితే వంద రూపాయలు తగ్గించమని ఒకాయన సలహా ఇచ్చాడు. ఇంకొకతను ఏకంగా రివ్యూలే కొనిపెడతానంటున్నాడు. మీ అనుభవం చెప్పండి.

రాజమండ్రి_చెదలు
పెస్ట్ కంట్రోల్ మాది. జవాబు మీ పోస్టులోనే ఉంది అన్నా. పని చేసింది ఒకరు, లింక్ పంపింది ఇంకొకరు. సాయంత్రం ఏడింటికి తెలియని నంబర్ నుంచి మెసేజ్ వస్తే ఆవిడ దాన్ని పర్సనల్ లోన్ మెసేజ్‌ల లెక్కలో వేసేస్తుంది. ఇంట్లో గంటన్నర ఉండి చెమటోడ్చిన కుర్రాడు ఎదురుగా నిలబడి అడిగితే ఆ మాటకి విలువ వేరు. వాడు గేటు దాటాడంటే ఇక ఆ రివ్యూ సంగతి మర్చిపోవడమే.

నిజానికి మీ పనిలో ఉన్న సుఖం మాకు లేదు. మేం చెదలకి మందు కొడితే పనిచేసిందో లేదో నెలలు గడిస్తే గానీ తెలీదు. మీకు అక్కడికక్కడే కనపడుతుంది. జెట్ వాష్ చేసేటప్పుడు కవర్లోంచి బకెట్లోకి నల్లటి నీళ్ళు దిగుతాయి చూడండి, వాటిని మీ కుర్రాళ్ళు ఏం చేస్తున్నారు? తిన్నగా బాత్రూమ్‌లో పారబోస్తుంటారు. పారబోసే ముందు ఇంటావిడని పిలిచి ఒకసారి చూపించమనండి. 'ఇంత మురికా? ఈ గాలేనా ఇన్నాళ్ళూ పిల్లలు పీల్చింది?' అంటుంది. చాలామంది వాళ్ళంతట వాళ్ళే ఫోన్ తీసి ఫొటో కొడతారు. తర్వాత ఫిల్టర్ బిగించి, 24లో పెట్టి, గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి చూడమనాలి. ఫోన్ చేతిలోనే ఉంది, ఫొటో అందులోనే ఉంది, గాలి చల్లగా తగులుతోంది. అడగాల్సింది అప్పుడు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. బిల్లు తీసుకోకముందు అడగొద్దు. రివ్యూ పెడితే ఏమైనా తగ్గిస్తారేమోనని వాళ్ళకి ఆశ పుడుతుంది, మీకు బేరం మొదలవుతుంది. డబ్బు చేతికొచ్చాకే ఆ మాట ఎత్తాలి.

బెజవాడ_కూలింగ్
నీళ్ళ సంగతి ఎప్పుడూ తట్టలేదు. మావాళ్ళు ఇల్లు పాడవకూడదని వెంటనే తీసుకెళ్ళి పారబోస్తారు, అదే మంచి పద్ధతి అనుకుంటున్నాం. మరి లింక్ అక్కడే ఎలా ఇవ్వాలి? కస్టమర్ నంబర్లు నా ఫోన్లో ఉంటాయి, కుర్రాళ్ళ దగ్గర కాదు.

కూకట్‌పల్లి_డిజిటల్
నంబరే అక్కర్లేదు. మీ బిజినెస్ ప్రొఫైల్‌లోకి వెళ్తే రివ్యూలు అడగడానికి ఒక బటన్ ఉంటుంది. అది లింక్‌తో పాటు క్యూఆర్ కోడ్ కూడా ఇస్తుంది. పైసా ఖర్చు లేదు. ఆ కోడ్‌ని బిల్లు బుక్ వెనకాల అచ్చు వేయించండి. ఇంకా మంచిది, ఇండోర్ యూనిట్ పక్కన అతికించే స్టిక్కర్ మీద వేయించండి. తర్వాతి సర్వీస్ ఎప్పుడో రాసే స్టిక్కర్ ఎలాగూ పెడతారు కదా. కస్టమర్ తన ఫోన్‌తో స్కాన్ చేస్తే నేరుగా స్టార్లు నొక్కే చోటే తెరుచుకుంటుంది. షాపు పేరు వెతికే పని ఉండదు, అదే పేరున్న వేరే షాపుకి పోయే ప్రమాదమూ ఉండదు.

కుర్రాడి ఫోన్లో మాత్రం పెట్టించొద్దు. ఒకే ఫోన్లో నాలుగు అకౌంట్లు పెట్టుకుని రాయడం, షాపు ఓనరూ పనివాళ్ళూ సొంత షాపుకే స్టార్లు వేసుకోవడం గూగుల్ రూల్స్ ప్రకారం కుదరదు. బావమరిది రివ్యూ కూడా అందులోకే వస్తుంది 🙂

ఇక మీరు కిందెందుకు ఉన్నారంటే, గూగుల్ చూసేవి ప్రధానంగా మూడు. వెతికిన మాటకీ మీ పనికీ పొంతన, వెతికే మనిషికీ మీకూ మధ్య దూరం, మీకున్న పేరు. రివ్యూల సంఖ్య, రేటింగ్ ఈ మూడోదాని కిందకి వస్తాయి. కాబట్టి రివ్యూలు ఎన్ని పెరిగినా భవానీపురంలో కూర్చుని వెతికేవాడికి పటమట షాపు పైకి రావడం కష్టమే. మీ చుట్టుపక్కల, అంటే కానూరు, ఆటోనగర్, బెంజ్ సర్కిల్ వైపు తేడా కనపడాలి. ముందు అక్కడ చూసుకోండి.

మియాపూర్_మాలతి
నేను సర్వీస్ చేయించుకునే మనిషిని, ఇక్కడ ఎలా దూరానో మరి. మేం ఎందుకు రాయమో కస్టమర్ వైపు నుంచి కూడా వినండి.

బద్ధకం ఒక్కటే కాదు. ఏం రాయాలో తోచదు. 'గుడ్ సర్వీస్' అని రాయాలంటే నాకే నామోషీగా ఉంటుంది. ఇంగ్లీషులో తప్పులు పోతాయేమోనని మా అత్తగారి భయం. ఇంకో సంగతి మగవాళ్ళకి తట్టకపోవచ్చు. రివ్యూ పక్కన మా పేరు, కొన్నిసార్లు ఫొటో కూడా కనపడతాయి. ఫలానా ఇంటికి ఫలానా రోజు పనివాళ్ళు వచ్చారని ఊరందరికీ చెప్పుకోవడం నాకిష్టం ఉండదు. ఒకసారి చెప్పి ఊరుకుంటే సరే, రెండోసారి మెసేజ్ పెడితే చిరాకేస్తుంది. మూడోసారి అడిగిన షాపుని బ్లాక్ చేస్తాను.

అయినా ఈమధ్య ఒకరికి రాశాను. బోరు మోటార్ బాగు చేయడానికి వచ్చిన పెద్దాయన వెళ్తూ వెళ్తూ, 'అమ్మా, మోటార్ ఎందుకు ఆగిందో, మావాడు ఏం మార్చాడో రెండు ముక్కలు తెలుగులోనే రాయండి, మీలాంటి వాళ్ళకి పనికొస్తుంది. వాడి పేరు రాస్తే వాడు సంబరపడతాడు' అన్నాడు. స్టార్ల ఊసే ఎత్తలేదు. ఏం రాయాలో ఆయనే చెప్పేశాడు కదా, కీబోర్డ్‌లో మైకు నొక్కి తెలుగులో చెప్పేశాను, ఒక్క నిమిషంలో అయిపోయింది.

బెజవాడ_కూలింగ్
@మియాపూర్_మాలతి గారూ, మీలాంటివాళ్ళు ఇక్కడ ఉండాలండీ. తెలుగులో రాస్తే గూగుల్‌కి పనికొస్తుందా మరి? మాకు వచ్చిన 31లో ఒక్కటి కూడా తెలుగులో లేదు.

కూకట్‌పల్లి_డిజిటల్
బ్రహ్మాండంగా పనికొస్తుంది. తెలుగు రానివాళ్ళకి గూగుల్ అనువాదం చూపిస్తుంది. పైగా 'కెపాసిటర్ పోయింది, పాతది చేతికిచ్చి చూపించి కొత్తది వేశారు' అని తెలుగులో ఉన్న ఒక్క రివ్యూ, 'నైస్', 'సూపర్' అనే పదింటికన్నా కస్టమర్‌ని ఎక్కువ నమ్మిస్తుంది. చదివేది గూగుల్ ఒక్కటే కాదు, ఫోన్ చేయాలా వద్దా అని ఊగిసలాడే మనిషి కూడా.

గుంటూరు_కార్పెంటర్
వంద రూపాయల డిస్కౌంట్ సంగతి ఎవరూ చెప్పలేదు. మా ఏరియాలో అందరూ ఇస్తున్నారు. తప్పేముంది?

కూకట్‌పల్లి_డిజిటల్
అందరూ ఇస్తున్నారు, దొరికినప్పుడు అందరూ ఏడుస్తున్నారు. రివ్యూకి బదులుగా డబ్బు, డిస్కౌంట్, ఫ్రీ సర్వీస్ ఏది ఇచ్చినా గూగుల్ రూల్స్‌కి విరుద్ధం. చెడ్డ రివ్యూ తీసేస్తే డబ్బు వాపసు ఇస్తామనడం కూడా అంతే. పట్టుబడితే కొంతకాలం కొత్త రివ్యూలు రాకుండా ఆపుతారు, ఉన్నవి కనపడకుండా చేస్తారు, నకిలీ రివ్యూలు తీసేశామని ప్రొఫైల్ మీదే హెచ్చరిక పెడతారు. ఏప్రిల్‌లో ఆ బోర్డు పడితే ఏసీ వాళ్ళ పరిస్థితి ఊహించుకోండి.

ఇంకోటి కూడా చాలామంది చేస్తారు. ముందు 'మా సర్వీస్ ఎలా ఉంది' అని ఒక ఫారం పంపుతారు. బాగుందన్న వాళ్ళకే గూగుల్ లింక్ ఇస్తారు, బాగోలేదన్న వాళ్ళకి 'మా మేనేజర్ కాల్ చేస్తారు' అని చెప్పి పంపేస్తారు. ఇలా వడకట్టడం కూడా నిషేధమే. అడిగితే అందరినీ అడగాలి.

గుంటూరు_కార్పెంటర్
గొడవపడిన కస్టమర్‌ని కూడా పిలిచి రివ్యూ పెట్టమనాలా? ఇది వ్యాపారం చేసేవాళ్ళు రాసిన రూల్ కాదు.

రాజమండ్రి_చెదలు
కార్పెంటర్ అన్నా, గొడవపడినవాడు మనం అడక్కపోయినా పెడతాడు 😀 అడిగితేనే పెట్టేది సంతోషపడినవాళ్ళు. స్టిక్కర్ అందరి ఇళ్ళలోనూ అంటించేస్తే ఈ రూల్ గోలే ఉండదు.

హనుమకొండ_ఆర్వో
నాది వాటర్ ప్యూరిఫయర్ సర్వీస్. కస్టమర్‌కి ఇయ్యొద్దు సరే, మా పిల్లలకి ఇస్తే? నేను రివ్యూకి 50 లెక్కన నెలాఖరుకి ఇస్తున్న. రివ్యూలు బాగనే పెరిగినయ్. డబ్బులుంటేనే పని అయితది, ఊరికే చెప్తే ఎవరు వింటరు?

పాత_యాప్_టెక్నీషియన్
అన్నా, ఏమీ అనుకోకండి, ఈ మాట మీద నాకు మంట. నేను ఒక పెద్ద యాప్‌లో గీజర్, ఏసీ పనులు చేసేవాడిని. రేటింగ్ తగ్గితే బుకింగులు తగ్గేవి, ఇంకా తగ్గితే ఐడీ ఆపేసేవాళ్ళు. పని అయ్యాక బూట్లు వేసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడి 'మేడమ్, ప్లీజ్, ఫైవ్ స్టార్ ఇవ్వండి, నాలుగు ఇస్తే కూడా నాకు దెబ్బ' అని అడుక్కోవాలి. అవతలివాళ్ళు జాలిపడి అయిదు నొక్కేవాళ్ళు. ఒక్క అక్షరం రాసేవాళ్ళు కాదు. ఆ స్టార్ చూసి తర్వాతి కస్టమర్‌కి ఏం తెలుస్తుంది?

మీరు 50 పెట్టారంటే మీ కుర్రాడి కన్ను పైపు జాయింట్ మీద కాకుండా కస్టమర్ ఫోన్ మీద ఉంటుంది. మీరు లేనప్పుడు వాడు ఏమని బతిమాలుతున్నాడో మీకు తెలీదు. ఎప్పుడైనా ఫోన్ చేసి కనుక్కోండి.

హనుమకొండ_ఆర్వో
నువ్వు చెప్పేది యాప్ సంగతి తమ్మీ. మా దగ్గర ఎవరి ఐడీ ఆపుతున్నం? చెడ్డ రివ్యూ వస్తే జీతం కొయ్యను. వచ్చినదానికి పైసలిస్తున్న, అంతే. అయినా కనుక్కుంట.

పాత_యాప్_టెక్నీషియన్
ఇవ్వాలనుకుంటే మళ్ళీ కంప్లైంట్ రాని పనులకి ఇవ్వండి అన్నా. నెలలో చేసిన సర్వీసుల్లో ఎన్ని ఇళ్ళ నుంచి అదే ప్రాబ్లమ్ మీద మళ్ళీ ఫోన్ రాలేదో చూసి బోనస్ ఇస్తే వాడు పని మీద ధ్యాస పెడతాడు. పని సరిగ్గా ఉన్నచోట రివ్యూ అడగడానికి వాడికి మొహమాటం ఉండదు. ఇప్పుడు నేను పనిచేసే చోట, కస్టమర్ మా పేరు రాసిన రివ్యూ వస్తే ఓనర్ దాన్ని స్క్రీన్‌షాట్ తీసి మా గ్రూప్‌లో పెడతాడు. డబ్బులేం లేవు. మా అమ్మకి చూపించుకున్నాను నేను.

మోడరేటర్
ఈ థ్రెడ్‌లో 'రివ్యూలు అమ్ముతాం, గ్యారంటీ' అని ఒకరు నంబర్ పెట్టారు. ఆ పోస్టు తీసేశాం, ఐడీ కూడా. అలాంటి నంబర్లు పెట్టొద్దు.

కూకట్‌పల్లి_డిజిటల్
మంచి పని చేశారు. ఆ కొన్న రివ్యూలు ఎక్కడి నుంచి వస్తాయో కూడా చెప్పాలి. రాసినవాడి పేరు నొక్కి చూడండి. ఒకే వారంలో సూరత్‌లో పళ్ళ డాక్టర్, లక్నోలో హోటల్, విజయవాడలో ఏసీ రిపేర్, అన్నిటికీ అయిదు స్టార్లు. చిన్నపిల్లాడైనా పట్టేస్తాడు.

దీనికి ఇంకో ముఖం ఉంది. 'ఇంట్లో కూర్చుని గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు రాయండి, ఒక్కోదానికి ఇంత' అని టెలిగ్రామ్‌లో, వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి కదా, మొదట కొంచెం డబ్బు వేస్తారు, తర్వాత 'ప్రీపెయిడ్ టాస్క్' అంటూ మన దగ్గరే లక్షలు లాగుతారు. మీ ఇంట్లో ఎవరైనా ఇరుక్కుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూలకి బీఐఎస్ (ఐఎస్ఐ మార్కు ఇచ్చే సంస్థ) ప్రమాణం కూడా ఒకటి ఉంది, ఐఎస్ 19000:2022. డబ్బిచ్చి రాయించినవి, షాపువాళ్ళే మనుషుల్ని పెట్టి రాయించినవి ప్రచురించకూడదని అందులో ఉంది. 2022లో తెచ్చినప్పుడు అది స్వచ్ఛందమే. రివ్యూలు సేకరించి చూపించే సైట్లకి వర్తిస్తుంది, మనలాంటి చిన్న షాపుల మీదకి ఎవరూ నేరుగా దాన్ని పట్టుకుని రారు. మనకి దెబ్బ తగిలేది గూగుల్ చేతిలోనే.

ఫ్రిస్కో_బాబాయ్
టెక్సాస్‌లో హౌస్ క్లీనింగ్ వ్యాపారం నాది, కస్టమర్లలో సగం మన తెలుగువాళ్ళే. ఇక్కడ చట్టమే వచ్చేసింది. నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం మీద ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) రూల్ 2024 అక్టోబర్ 21 నుంచి అమల్లో ఉంది, జరిమానాలు భారీగా ఉన్నాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, గూగుల్‌లో రివ్యూ అడగొచ్చు గానీ యెల్ప్ అనే ఇక్కడి రివ్యూల సైట్‌లో అసలు అడగొద్దంటారు. అక్కడ ఉన్నవాళ్ళు రెండిటికీ ఒకే మెసేజ్ పంపకండి.

మనవాళ్ళతో అసలు చిక్కు వేరే. కమ్యూనిటీ వాట్సాప్ గ్రూప్‌లో 'వీళ్ళు చాలా బాగా చేశారు' అని పేరాలు పేరాలు రాస్తారు, గూగుల్‌లో మాత్రం రాయరు. నేను ఆ మెసేజ్ పెట్టినావిడకి థ్యాంక్స్ చెప్పి, 'అదే కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తారా అమ్మా' అని లింక్ ఇస్తాను. కష్టపడి రాసేశారు కాబట్టి కాదనరు.

బెజవాడ_కూలింగ్
బాబాయ్ గారూ, ఇది బాగుంది. మా కానూరు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో మా నంబర్ తెగ తిరుగుతుంది, అలాగే కాల్స్ వస్తాయి.

ఈలోగా ఇంకో గొడవ. నిన్న ఒక స్టార్ పడింది. 'వాటర్ లీక్ తగ్గలేదు, ఫోన్ ఎత్తట్లేదు, మోసం' అని. 4.8 కాస్తా 4.7 అయింది. ఆ ఇంట్లో డ్రెయిన్ పైపు గోడలో వంకరగా ఉంది, అది మార్పించుకోమని మావాడు అప్పుడే చెప్పాడు. రిపోర్ట్ కొట్టి తీయించొచ్చా?

కూకట్‌పల్లి_డిజిటల్
నిజంగా మీ కస్టమరే అయితే, బూతులు లేకపోతే తీయరు. రిపోర్ట్ చేసేది కస్టమర్ కానివాళ్ళు పెట్టినప్పుడు, తిట్లు, బెదిరింపులు ఉన్నప్పుడు. మీకు ఉన్నవే 31 కాబట్టి ఒక్క దెబ్బకి 0.1 పడింది. 300 ఉండి ఉంటే 4.8 కదిలేది కాదు.

రాజమండ్రి_చెదలు
ముందు ఆ ఇంటికి వెళ్ళండి, రిప్లై తర్వాత. రిప్లైలో డ్రెయిన్ పైపు వాదన పెట్టొద్దు. చదివే పదిమందికి గోడా పైపూ అక్కర్లేదు, వీళ్ళు ఫోన్ ఎత్తుతారా లేదా అన్నదే కావాలి. ఆయన పేరు, ఫ్లాట్ నంబర్, ఫోన్ నంబర్ ఏవీ రాయకండి.

ఇలా పెట్టొచ్చు: 'నమస్తే అండీ. లీక్ మళ్ళీ వచ్చినందుకు, ఫోన్ కలవనందుకు క్షమించండి. ఈ రోజు సాయంత్రం మా సీనియర్ టెక్నీషియన్ వచ్చి చూస్తారు, దానికి చార్జీ లేదు.'

మీరు రిప్లై ఇస్తే ఆయనకి నోటిఫికేషన్ వెళ్తుంది. పని అయ్యాక ఆయనకి అనిపిస్తే రివ్యూ మార్చుకోవచ్చు. మార్చమని మాత్రం బేరం పెట్టకండి.

మియాపూర్_మాలతి
నేను కొత్త షాపు వెతికేటప్పుడు ముందు ఒక స్టార్ రివ్యూలే చదువుతాను. ఓనర్ 'మీరే సరిగ్గా వాడలేదు' అని రాశాడంటే ఇక ఆ షాపు జోలికి పోను. అన్నీ అయిదు స్టార్లే ఉన్నా నాకు డౌటే.

బెజవాడ_కూలింగ్
వెళ్ళొచ్చాం. స్లోప్ సరిచేసి కొత్త పైపు వేశాం. ఆయన రివ్యూ అలాగే ఉంచాడు గానీ పక్కింటి వాళ్ళ ఏసీ కూడా చూడమన్నాడు, ఏమనుకోవాలో తెలీట్లేదు 😀

స్టిక్కర్లు ఆర్డర్ ఇస్తున్నాను. స్కాన్ చేయనివాళ్ళకి పంపడానికి మెసేజ్ రాశాను, చూడండి:

'ప్రియమైన కస్టమర్, మా విలువైన సేవలను వినియోగించుకున్నందుకు ధన్యవాదములు. దయచేసి ఈ క్రింది లింక్ నందు 5 స్టార్ రేటింగ్ ఇచ్చి మమ్మల్ని ప్రోత్సహించగలరు.'

మియాపూర్_మాలతి
ఇది కరెంట్ ఆఫీసు నోటీసులా ఉందండీ. నేనైతే తెరవను. ఎవరు వచ్చారో, ఏ పని చేశారో పేరుతో సహా రాయండి. 5 స్టార్ అనే మాట తీసేయండి, అది చూడగానే అడుక్కుంటున్నట్టు అనిపిస్తుంది.

పాత_యాప్_టెక్నీషియన్
కుర్రాడు ఇంట్లో ఉండగానే ఆఫీసుకి ఫోన్ చేసి 'అయిపోయింది అన్నా' అంటాడు కదా, అప్పుడే పంపండి. 'మేడమ్, మా ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది చూడండి' అని వాడే చెప్తాడు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా దాచుకుంటే పేరు ఒక్కటి మార్చి పంపొచ్చు.

బెజవాడ_కూలింగ్
సరే, మార్చాను:

'నమస్తే అమ్మా, ఇప్పుడు మీ ఇంట్లో ఏసీ జెట్ వాష్ చేసింది మా సురేష్. పని ఎలా చేశాడో రెండు ముక్కలు తెలుగులో అయినా రాయండి, మీ చుట్టుపక్కల వాళ్ళకి పనికొస్తుంది. ఏదైనా లోపం ఉంటే ఈ నంబర్‌కే ఫోన్ చేయండి, మళ్ళీ వచ్చి చూస్తాం.' కింద లింక్.

రాజమండ్రి_చెదలు
ఇది ఓకే. మగవాళ్ళకి పంపేటప్పుడు 'అమ్మా' తీసేయడం మర్చిపోకండి.

హనుమకొండ_ఆర్వో
కనుక్కున్న. ఒక మేడమ్‌కి మావాడు 'రివ్యూ పెట్టకపోతే ఓనర్ తిడతడు' అని చెప్పిండట. వచ్చే నెల నుంచి 50 బంద్, మళ్ళీ కంప్లైంట్ రాని పనులకే బోనస్. స్టిక్కర్లు ఎక్కడ చేయిస్తున్నరు, వాటర్‌ప్రూఫ్‌వి కావాలె. మా మెషిన్లు సింక్ పక్కనే ఉంటయి.

బెజవాడ_కూలింగ్
గవర్నర్‌పేటలో మామూలు ప్రింటింగ్ ప్రెస్‌లోనే. వినైల్ స్టిక్కర్ అని అడగండి, నీళ్ళు పడినా పోదు. క్యూఆర్ మరీ చిన్నగా వేస్తారు, అగ్గిపెట్టె సైజుకి తగ్గొద్దని చెప్పండి. మొత్తం అచ్చు వేయించే ముందు ఒకటి తీసుకుని మీ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకోండి.